తిరిగిరాని ఒక్క ల్యాంపు

కరోనా సద్దుమణిగిన ఏడాది, వానలు మొదలయ్యే రోజుల్లో, గోదావరిఖనిలో మా బొగ్గు సంస్థ జి.ఎం. ఆఫీసులో సీనియర్ ప్రోగ్రామర్‌గా ఉన్న నాకు ఒక కొత్త పని అప్పగించారు. భూగర్భ గనిలోకి దిగే ప్రతి మనిషీ ల్యాంపు రూములో తన నంబరున్న క్యాపు ల్యాంపు తీసుకుని టోపీకి తగిలించుకుంటాడు. షిఫ్టు అయ్యాక అక్కడే తిరిగి అప్పజెప్తాడు. లోపలికి పోయిన ల్యాంపులన్నీ తిరిగొస్తే గనిలో ఎవరూ మిగల్లేదని లెక్క. ఆ లెక్కను అప్పటికప్పుడు తెరమీద చూపించే ప్రోగ్రాం కావాలన్నారు. నా పాత ప్రోగ్రాం అదే సంగతిని మర్నాడు, తీరిగ్గా చెప్పేది.

జనరల్ మేనేజర్ గారు షరతు కూడా మర్యాదగానే పెట్టారు. ట్రయల్ రోజున మా ప్రోగ్రాం నిలబడాలి. లేకపోతే పని బయటి ఏజెన్సీకి పోతుంది, మా కంప్యూటర్ విభాగం మూతపడుతుంది. నేనూ నా జూనియర్ మల్లేశమూ రిటైర్మెంటు దాకా డిస్పాచ్ సెక్షన్‌లో కవర్లకు గమ్ము రాస్తూ కూర్చోవాలి.

మల్లేశం నస్పూర్ వాడు. వాళ్ల నాయన బాయి పని చేశాడు. గనిని మా వైపు బాయి అనే అంటారు. ఇద్దరం కోబాల్ అనే పాతకాలపు కంప్యూటర్ భాషతో మొదలుపెట్టి ఫాక్స్‌ప్రో, ఒరాకిల్ దాటుకుంటూ వచ్చాం. ప్రతిసారీ ఇక ఇదే ఆఖరు అనుకున్నాం. ఈసారి పైథాన్ అనే కొత్త భాష నేర్చుకుందామన్నాను.

"ఏందక్కా, రిటైర్మెంటు ముంగట గీ పరీక్షలు? ఉన్నదాన్నే ఎట్లనో అట్ల గుంజుదం" అన్నాడు.

నాకు మాత్రం కాళ్లు నేలమీద నిలవడం లేదు. షేర్ ఆటోలో చెవుల్లో వైర్లు పెట్టుకుని ఫోనులో పాఠాలు చూసేదాన్ని. పక్కనున్నామె తొంగిచూసి, ఏం సీరియలక్కా అని అడిగేది. కోబాల్‌లో వాక్యం చివర చుక్క పెట్టాలి. ఆ చుక్క నా కుడిచేతి ఉంగరపు వేలికి ఎంత అలవాటంటే, పైథాన్‌లోనూ అది తనంతట తనే పెట్టేసేది. కంప్యూటర్ ఎర్రక్షరాలతో తిట్టిపోసేది. నేనూ తిరిగి తిట్టేదాన్ని. అయితే ఏ వరుస ఎన్నో గడిలో మొదలవ్వాలో చూసుకుని రాసే చాదస్తం కోబాల్‌ది. పైథాన్‌కూ ఎడమ అంచు విషయంలో అలాంటి చాదస్తమే ఉందని తెలిసినప్పుడు, పెళ్లిలో పాత చుట్టం కనబడ్డంత సంబరపడ్డాను.

ఒకప్పుడు పేజీ నిండా రాసిన పనిని ఈ భాష నాలుగు వరుసల్లో చేసేసింది. మల్లేశం తెరవంక అట్లాగే చూసి, "గింతేనా? జర లెవ్వక్కా" అని నా కుర్చీ లాక్కున్నాడు. ఆ తర్వాత కీబోర్డు కోసం ఇద్దరం చిన్నపిల్లల్లా కొట్లాడుకున్నాం.

ట్రయల్ రోజు మొదటి షిఫ్టు పైకి వస్తోంది. ల్యాంపు రూములో తెరముందు జి.ఎం. గారు, గని మేనేజరు, ఏజెన్సీ ప్రతినిధి కూర్చున్నారు. ల్యాంపులు తిరిగొస్తున్నకొద్దీ తెరమీద ఆ షిఫ్టు అంకె దిగుతోంది. మల్లేశం నోట్లోనే లెక్కపెడుతున్నాడు. అంకె దిగి దిగి ఒకటి దగ్గర ఆగింది. ఇక కదల్లేదు.

తిరిగిరాని ఆ ల్యాంపు నంబరు కొమురయ్యది, బొగ్గు కోసే కార్మికుడు. ఇలా ఒకటీ అరా తేడా రావడం మామూలేననీ, పాత ప్రోగ్రాంలో చేత్తో సర్దేవాళ్లమనీ, రెండో షిఫ్టు ఎదురు చూస్తోంది కాబట్టి సున్నా చేసేయమనీ మేనేజరు అన్నారు. ఏజెన్సీ ఆయన ఫోనులోకి చూసుకుంటూ నవ్వుకున్నాడు. మల్లేశం నా చెవిలో, "నేనే ఏడనో తప్పు రాసిన్నేమో అక్కా" అన్నాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

నాకు తెలిసినంతలో తప్పు లేదు. ప్రతి వరుసనూ తిప్పితిప్పి పరీక్షించాను. సున్నా చేయను సార్, మనిషిని వెతికించండి అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. జి.ఎం. గారు నావంక ఒక్క క్షణం చూసి, రెండో షిఫ్టును ఆపి లోపలికి ఫోన్ చేయమన్నారు. పంపుల దగ్గరికి ముందుగానే దిగి ఉన్న రెండో షిఫ్టు మనుషులు కింద వెతికి, కనబడలేదన్నారు.

అప్పుడు క్యాంటీన్ వైపు నుంచి, పట్టపగలు నెత్తిమీద ల్యాంపు వెలుగుతుండగా, చేతిలో మిర్చి బజ్జీల పొట్లంతో కొమురయ్య వచ్చాడు. అందరూ తనవైపే చూస్తుంటే ఏం కాలేదన్నట్టు నిలబడ్డాడు.

"బజ్జీలు గప్పుడే దింపిన్రు సారూ. ఈడ లైను పెద్దగున్నది. తిని ఇద్దామనుకున్న."

ల్యాంపు కిటికీలో పెట్టాడు. తెరమీద సున్నా పడింది. మల్లేశం కుర్చీతో సహా గిర్రున తిరిగాడు. నాకు నవ్వు ఆగక కళ్లనీళ్లు వచ్చాయి. మేనేజరు కొమురయ్యను తిట్టబోయి తనూ నవ్వేశారు. జి.ఎం. గారు అందరికీ బజ్జీలు తెప్పించారు, ఏజెన్సీ ఆయనతో సహా. ఆయన రెండు తిని, కారెక్కి హైదరాబాదు వెళ్లిపోయాడు.

బజ్జీ చేతిలో పట్టుకున్నాక తట్టింది. కొమురయ్య నిజంగానే కింద ఉండి, నేను సున్నా చేసి ఉంటే? బజ్జీ పక్కన పెట్టి, తెరమీద సున్నాను ఇంకోసారి చూసుకున్నాను.

ఆ రోజు తెలిసింది ఒకటే. కొత్త పనిముట్టును నడపడం వచ్చేంతవరకే నేర్చుకుంటే సరిపోదు. అది చెప్పే సంగతి ఎవరికీ నచ్చని రోజున కూడా దాని పక్కన నిలబడగలిగేంత నేర్చుకోవాలి. నేను రిటైరయ్యేదాకా డిస్పాచ్ సెక్షన్ గడప తొక్కలేదు. ల్యాంపు రూములో ఆ సున్నా ఇప్పటికీ ల్యాంపులన్నీ వచ్చాకే పడుతోంది.