పైన ఓ గుప్పెడు

మేము అద్దెకుంటున్న పెంకుటింటిని యజమాని అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ళకి ఇచ్చేశాడని తెలిసిన రోజు మా వదిన వీధరుగు మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. నేను లోపలికి వెళ్ళి కాఫీ పెట్టుకున్నాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో రాజమండ్రిలో ఏ వీధి చూసినా పాత ఇళ్ళు కూలగొడుతూనే ఉన్నారు, మా ఇంటికి మాత్రం మినహాయింపు ఎందుకుంటుంది? హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఏడిస్తే ఏ లెక్కా తేలదని నాకు బాగా తెలుసు.

ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నేను పెళ్ళి చేసుకోలేదు, ఆ కథ ఇక్కడ అనవసరం. అన్నయ్య పోయాక వదిన నా దగ్గరికి వచ్చేసింది. ఆడపడుచూ వదినా ఒక్క కప్పు కింద అన్నేళ్ళు ఎలా వేగారని చుట్టాలు బుగ్గలు నొక్కుకునేవారు. అందులో వింతేమీ లేదు. వంటిల్లు ఆవిడది, నోరు నాది, అలా పంచుకున్నాం. ఆవిడ కాపురానికి వచ్చేనాటికి నేను పరికిణీలు కట్టుకునే పిల్లని. అందుకని నా జుట్టు పూర్తిగా నెరిసిపోయాక కూడా ఆవిడకి నేను ‘అమ్మాయి’నే.

ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్న వచ్చింది. వదిన కొడుకు విశాఖపట్నంలో ఉన్నాడు, మంచివాడు, కోడలు అంతకన్నా మంచిది, ఇద్దర్నీ రమ్మన్నారు. కానీ వాళ్ళుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, వదిన మోకాళ్ళకి మా ఇంటి రెండు మెట్లే గొప్ప. ఇంకో అద్దె ఇల్లు చూద్దామంటే, ఇద్దరు ముసలమ్మలం అనగానే ఇంటివాళ్ళ ముఖాలు మారిపోయేవి. మేమేదో వాళ్ళ గదుల్లో పోవడానికే వచ్చినట్టు చూసేవారు. ఒకాయన అయితే “మీ తరఫున మగవాళ్ళెవరూ లేరా అండి?” అని అడిగాడు. ఉన్నారు గానీ వాళ్ళకి లెక్కలు రావని చెప్పి వచ్చేశాను.

అప్పుడే మా స్కూల్లో పనిచేసిన ఒకావిడ కొవ్వూరు వైపు గట్టు మీద కొత్తగా కట్టిన పెద్దవాళ్ళ కాలనీ గురించి చెప్పింది. చిన్న చిన్న గదులు, ముందు వరండా, అందరికీ ఒకే భోజనాల హాలు, రోజూ వచ్చే నర్సమ్మ, వారానికోసారి డాక్టరు. నేను వెళ్ళి చూసి వచ్చాను. వచ్చిన సాయంత్రమే వదిన వంకాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చుని మంచీ చెడూ వేళ్ళ మీద చెప్పాను. గ్యాసు బండ కోసం ఎదురుచూడక్కర్లేదు. పనిమనిషి రాలేదని పొద్దున్నే ముఖం మాడ్చుకోనక్కర్లేదు. ఒంట్లో బాగోకపోతే పిలిస్తే పలికే మనిషి ఉంటుంది. వరండాలో కూర్చుంటే గోదావరి. ఇక చెడు అంటారా, కాఫీ నీళ్ళలా ఉంది, గోడలు పల్చన, పక్కగదిలో దగ్గితే మనకి వినిపిస్తుంది, పేపరు పది చేతులు మారితే గాని మనదాకా రాదు. నా లెక్కలో మంచి వైపే తూకం మొగ్గింది. జనం ఏమంటారన్నది నేను లెక్కలోనే వేసుకోలేదు. ఎవరూ లేనట్టు ఆశ్రమంలో చేరారంటారు. అననీ. అన్నవాళ్ళెవరూ మన గ్యాసు బండ మోసుకురారు.

వదిన అంతా విని ఒకటే అడిగింది.

“ఎవరైనా వస్తే?”

ఈ ప్రశ్న అర్థం కావాలంటే మా వదిన వంట గురించి చెప్పాలి. ఆవిడ బియ్యం కొలిచి గిన్నెలో పోశాక, చివర్న పైన ఓ గుప్పెడు వేస్తుంది. అది మా ఇద్దరి కోసం కాదు. వేళకి ఎవరొస్తారో తెలియదు కదా, వాళ్ళ కోసం. వాళ్ళ అమ్మగారు కోనసీమలో అలాగే వేసేవారట, ఆవిడ అత్తగారైన మా అమ్మా అలాగే వేసేది. మా వైపు చెప్పి రావడం పరాయివాళ్ళు చేసే పని. అయినవాళ్ళు పన్నెండు గంటలకి తలుపు తోసుకుని వస్తారు, కాళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళిస్తాం, వాళ్ళు వద్దండి వద్దండి అంటారు, మనం ఆకేస్తాం. వద్దనడం వాళ్ళ మర్యాద, వినకపోవడం మన మర్యాద. ఎవరూ రాని రోజున ఆ గుప్పెడు అన్నం రాత్రికి పులిహోరయ్యేది. ఇంట్లో పప్పు నిండుకున్నా, ఆవిడకి జ్వరమొచ్చినా ఆ గుప్పెడు మాత్రం తప్పేది కాదు.

“ఎవరైనా వస్తే వాళ్ళకీ అక్కడే పెడతారు” అని తేలిగ్గా చెప్పేశాను. కాలనీవాళ్ళు పదిహేను రోజులు ఉండి చూసి, నచ్చితేనే చేరమన్నారు. బట్టలు సర్దుకుని వెళ్ళాం.

అక్కడ భోజనాలు రెండు బంతులు. నాకు బడి అలవాటు, గంట కొట్టేసరికి ఆకలేస్తుంది కాబట్టి మొదటి బంతిలో కూర్చునేదాన్ని. వదిన పూజ ముగించుకుని రెండో బంతికి వెళ్ళేది. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై ఈ కాలనీ చూసుకుంటున్న మేనేజరు గారు మొదటిరోజే నిబంధన చెప్పారు. చుట్టాలకి భోజనం కావాలంటే పొద్దున్న తొమ్మిదిలోపు చెప్పాలి. అన్నం మిగిలి పారబోయడం ఆయనకి ప్రాణసంకటం. నాకు అందులో తప్పేమీ కనపడలేదు. లెక్క ప్రకారం వండుకోవడం మంచిదే కదా అనుకున్నాను.

మేము ఆశ్రమంలో చేరిపోయామన్న కబురు గోదావరికి అటూ ఇటూ పాకింది. ఇక చూడాలి. ఏళ్ళ తరబడి కనపడని చుట్టాలు కూడా పరామర్శకి బయల్దేరారు. పెద్దాపురం నుంచి పినతల్లి కొడుకు, తణుకు నుంచి వియ్యపురాలి చెల్లెలు, రోజుకొకరు. సరిగ్గా మొదటి బంతి లేచే వేళకి దిగేవారు. నేను నాలుగు మాటలు మాట్లాడి చదరంగం ఆడుకోవడానికి వెళ్ళిపోయేదాన్ని. వదిన వాళ్ళని హాల్లోకి తీసుకెళ్ళి దగ్గరుండి వడ్డించేది. పొద్దున్నే వంటవాళ్ళకి చెప్పి ఉంటుందనుకున్నాను. పైగా “అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు బానే ఉంది వదినా నీ పని” అని వేళాకోళం కూడా చేశాను. ఆవిడ నవ్వి ఊరుకుంది.

ఈలోగా కాలనీలో ఆవిడకి గొప్ప పేరొచ్చింది. మహా నిష్ఠాపరురాలట. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయస్వామికి, శుక్రవారం అమ్మవారికి, శనివారం వెంకటేశ్వరస్వామికి, అలా రోజూ ఏదో ఒక ఉపవాసమట. పక్కగది ఆవిడ మా వదిన కాళ్ళకి దణ్ణం పెడుతుంటే నా కళ్ళారా చూశాను. మేనేజరు గారు భక్తి కలిగి రెండు అరటిపళ్ళు ప్రత్యేకంగా పంపేవారు. అవి కూడా చుట్టాల పిల్లల చేతిలోకే వెళ్ళేవని తర్వాత తెలిసింది. ఎందుకో ఆ పొగడ్తలు విన్నా నాకు అనుమానం రాలేదు. ఆవిడ వ్రతాల జోలికి నేనెప్పుడూ వెళ్ళేదాన్ని కాదు.

ఒక మధ్యాహ్నం చుట్టాలని గేటు దాకా సాగనంపి వచ్చి, వరండాలో కుర్చీ పట్టుకుని నిలబడబోయి అలాగే కింద కూలబడింది. ముఖమంతా చెమట. నర్సమ్మ పరుగెత్తుకొచ్చి పంచదార నీళ్ళు తాగించి, పొద్దున్నించి ఏం తిన్నారని అడిగింది. ఉపవాసమంది. నిన్న ఏం తిన్నారని అడిగింది. నిన్నా ఉపవాసమే. మొన్న? మొన్నా అంతే. రాత్రిళ్ళు ఆవిడ తినేది ఎప్పుడూ ఇంత ఫలహారమే. అప్పుడు నా బుర్రలో లెక్క తేలింది. రోజూ తన కంచం చుట్టాలకి పెట్టేసి, తనకి ఉపవాసమని చెబుతోంది.

నర్సమ్మ వెళ్ళాక అరిచాను. నేను అరిస్తే క్లాసంతా వణికేది గాని వదిన ఏనాడూ వణకలేదు.

“వేళకొచ్చారు అమ్మాయీ. అన్నం లేదని ఏ నోటితో చెప్పను?”

“తొమ్మిదిలోపు చెబితే వండుతారు కదా!”

“వాళ్ళొస్తున్నట్టు తొమ్మిదింటికి నాకెలా తెలుస్తుంది? ఇవాళ మా ఇంటికి భోజనానికొస్తారా రారా అని చుట్టాలకి ఫోన్ చేసి అడగమంటావా?” అని, కాస్త ఊపిరి తీసుకుని, “అన్నీ బాగున్నాయే ఇక్కడ. కాదనను. కానీ ఇక్కడుంటే నేను ఒకళ్ళకి అన్నం పెట్టే మనిషిని కాకుండా పోతాను. నాకు చేతనైంది అదొక్కటే” అంది.

నాకు కోపం పోయి భయం వేసింది. ఆవిడ చేరనంటే నేను కూడా చేరను, అది ఎప్పుడో తేలిపోయిన విషయం. కానీ వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. ఇక్కడుంటే ఈ మనిషి అతిథుల పేరు చెప్పి పస్తులతో పోయేలా ఉంది. నేను వేళ్ళ మీద వేసిన మంచీ చెడూ లెక్కలో ఈ గుప్పెడు బియ్యం లేనే లేదు. అయితే లెక్క తప్పితే మళ్ళీ చెయ్యాలి గాని పలక విసిరికొట్టకూడదు.

ఆ సాయంత్రమే మేనేజరు గారి దగ్గరికి వెళ్ళాను. రోజూ వండే బియ్యం మీద కొంచెం ఎక్కువ వెయ్యండి, చెప్పకుండా వచ్చినవాళ్ళ కోసం, అని అడిగాను. ఆయన మర్యాదగానే కుదరదన్నారు. ఒకరికని మొదలుపెడితే అందరూ అడుగుతారండి అన్నారు. అయితే అందర్నీ అడుగుదాం రండి అన్నాను. ఫలహారాల వేళకి హాల్లో నిలబడి, వెనక బెంచీ దాకా వినిపించే గొంతుతో, మా వదిన ఉపవాసాల సంగతి దాచకుండా చెప్పాను. ఆవిడ సిగ్గుతో తల దించేసుకుంది. పక్కగది ఆవిడ మాత్రం దణ్ణాలన్నీ వెనక్కి తీసుకునేలా చూసింది. ఇక్కడ ఇంకెవరికైనా ఈ ఇబ్బంది ఉందా అని అడిగాను.

తాసీల్దారుగా చేసి రిటైరైన పెద్దాయన లేచారు. ఎవరితోనూ కలవని మనిషి, చేతికర్ర లేకుండా కనపడేవారు కాదు.

“మా చెల్లెలు పిఠాపురం నుంచి చూడ్డానికి వస్తానందండి. మూడు దాటాక రమ్మన్నాను. మధ్యాహ్నం నిద్రపోతానని చెప్పాను” అన్నారు. “నేను పగలు నిద్రపోనండి. దానికీ తెలుసు ఆ సంగతి.”

అంతే చెప్పి కూర్చున్నారు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు నోరు విప్పారు. ఒకావిడ తమ్ముడొస్తే సగం అన్నం తను తిని సగం అతనికి పెట్టిందట. ఇంకొకాయన చుట్టాలకి చిరునామానే ఇవ్వలేదట. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించి నలుగురికి పెట్టి తిన్నవాళ్ళు, అన్నం వేళకి గేటు వైపు చూడడానికి భయపడుతూ బతుకుతున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆరోజు దాచుకోలేదు.

మేనేజరు గారు ప్లేటు పక్కకి జరిపి, “మిగిలితే ఏం చెయ్యమంటారండి?” అన్నారు.

వదిన తలెత్తింది. “సాయంత్రానికి పులిహోర చేస్తామండి” అంది.

ఆ మర్నాటి నుంచీ వంటవాళ్ళు బియ్యం కడిగే వేళకి వదిన వంటగది గుమ్మం దగ్గరికి వెళ్ళి, తన చేత్తో పైన ఓ నాలుగు గుప్పిళ్ళు వేసి వచ్చేది. అక్కడితో నా లెక్క తేలింది. కాఫీ అలాగే ఉంది, గోడలూ అలాగే ఉన్నాయి. అయినా చేరిపోదామని ఆవిడే అంది.

పదిహేను రోజులూ అయ్యాక తిరిగొచ్చి, ఆ నెలాఖరులో ఇల్లు ఖాళీ చేశాం. సామాను వ్యాను బ్రిడ్జి మీద లారీల వెనక ఇరుక్కుపోయి, మేము కాలనీకి చేరేసరికి రెండో బంతి కూడా అయిపోవస్తోంది. మా భోజనాలు మర్నాటి నుంచి మొదలు, ఆవేళ లెక్కలో మేము లేము. ఎండ మండిపోతోంది, ఇద్దరం అలసి సోలిపోయి ఉన్నాం. ముందు సామాను దింపించుకుందామని నేనంటుండగానే తాసీల్దారు గారు కర్ర పొడుచుకుంటూ ఎదురొచ్చి, ముందు కాళ్ళు కడుక్కోండి, ఆకులేశారు అన్నారు. వదిన అలవాటుగా వద్దండి వద్దండి అంది. ఆయన వినలేదు.

బల్ల దగ్గర కూర్చున్నాం. వేడి అన్నం, ముక్కల పులుసు. నాకు తెలిసి మా వదిన ఎదుటివాళ్ళు వడ్డిస్తుంటే అతిథిగా కూర్చోవడం అదే మొదలు. ఎటు చూడాలో తెలియక ఆకు వంక చూస్తూ, లెక్కలో లేని మాకు అన్నం ఎక్కడిదండి అని అడిగింది.

“మీరు లేరు కదండి. ఇవాళ పైగుప్పెడు నేను వేశాను” అన్నారు ఆయన. “ఎప్పుడూ వేసిన చెయ్యి కాదు. కాస్త ఎక్కువే పడిందేమో.”

వదిన కళ్ళు నిండాయి. చాలాసేపు ముద్ద కలుపుతూనే ఉండిపోయింది. నేను ఊరుకోలేక, “ఇవాళ శనివారం కదా వదినా, ఉపవాసం లేదా?” అన్నాను.

“నువ్వు ముందు తిను అమ్మాయీ” అంది. తర్వాత ఆయన వైపు తిరిగి, కొంచెం గట్టిగానే, “ఇంకాస్త అన్నం పెట్టమనండి. ఆకలేస్తోంది” అంది.