పాలు పొంగిన కారవాన్

మా ఆవిడకు సొంత ఇల్లు కావాలని కోరిక. అది తప్పేమీ కాదు. కాకపోతే మేముండేది దోహాకి ఉత్తరాన అల్ ఖోర్‌లో, కంపెనీ ఇచ్చిన క్వార్టర్లో. ఉద్యోగం ఉన్నంతకాలం అది మాదే, కంపెనీ మనసు మారనంతవరకు. కంపెనీ మనసు మూడుసార్లు మారింది, మేము మూడిళ్లు మారాం. పోనీ హైదరాబాదులో ఫ్లాటు కొందామంటే, అక్కడి ధరలు నా జీతాన్ని పలకరించడం కూడా మానేసి చాలాకాలమైంది.

మారిన ప్రతి ఇంట్లోనూ ఆవిడ మొదటిరోజు పాలు పొంగించబోయింది. క్వార్టర్లలో కరెంటు పొయ్యిలు. వేడి మితిమీరిందని అనుమానం రాగానే పొయ్యి తనంతట తనే ఆగిపోతుంది. భద్రతా ఏర్పాటు. మూడిళ్లలోనూ పాలు అంచుదాకా వచ్చి, కాస్త ఆలోచించుకుని, వెనక్కి వెళ్లిపోయాయి. దీని గురించి ఆవిడ పెద్దగా మాట్లాడలేదు. ఆవిడ పెద్దగా మాట్లాడకపోతే నాకు నిద్ర సరిగ్గా పట్టదు.

ఎండలు తగ్గి ఇక్కడి వాళ్లంతా ఎడారిలో గుడారాల గురించి మాట్లాడుకునే రోజుల్లో ఒక సాయంత్రం, ఆవిడ తన ఫోను నా మొహం ముందు పెట్టింది. అందులో ఒక పాత కారవాన్ ఫొటో. తెల్లగా ఉండేదని చెబితే నమ్మాలి.

"బండి కొంటావా?" అన్నాను.

"బండి కాదండీ, ఇల్లు. మంచం ఉంది, పొయ్యి ఉంది, గ్యాసు పొయ్యి. రెండు కిటికీలున్నాయి. మనం సోఫాకని దాచిన డబ్బుకి కాస్త అటూ ఇటూగా చెప్తున్నాడు అమ్మేవాడు."

"చక్రాలున్న ఇల్లేమిటి?"

"చక్రాలు లేని ఇళ్లలో ఉండి మూడుసార్లు కదిలాం. చక్రాలుంటే కొత్తగా వచ్చే నష్టమేమిటో చెప్పండి."

పదో తరగతి చదివే మా అమ్మాయి పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "బాత్రూమ్ ఉందేమో అడగండి నాన్నా," అంది. ఇంటి గురించి ఆలోచించేవాళ్లు మా ఇంట్లో ఇద్దరని అప్పుడే తెలిసింది.

సోఫా డబ్బు అప్పటికీ ఖర్చు కాకపోవడానికి కారణం నా బేరం. నేను బేరమాడిన సోఫాలన్నీ దోహాలో ఎవరెవరి ఇళ్లలోనో హాయిగా ఉన్నాయి. "మీరు బేరమాడితే వస్తువు మిగలదండీ, బేరమే మిగులుతుంది," అనేది ఆవిడ. నేను దాన్ని ప్రశంసగానే తీసుకునేవాణ్ని.

శుక్రవారం పొద్దున్నే మదీనత్ అల్ షమాల్ అనే ఊరి వైపు బయల్దేరాం. అమ్మాయికి ఆదివారం పరీక్ష ఉందని పక్కింటివాళ్ల దగ్గర ఉంచాం. ఆవిడ ఒక చిన్న గిన్నె, పాల సీసా సంచిలో పెట్టుకుంది. ఎందుకని అడిగితే టీకి అంది. నేనింకేమీ అనుమానించలేదు. చదువుకున్నవాణ్ని కదా.

దారిలో వ్యూహం చెప్పాను. "అక్కడ నీకు నచ్చినట్టు మొహం పెట్టకు. పెట్టావంటే ధర దిగదు."

"మరెలా పెట్టమంటారు?"

"నా మొహంలా పెట్టు."

"అంత దిగులు నావల్ల కాదండీ," అని కిటికీలోంచి బయటికి చూసింది.

అమ్మేది జగిత్యాల మనిషి. ఊరి చివర ఒక తోటలో పికప్ నడుపుతాడు. మేము తెలుగువాళ్లమని తెలియగానే సలాం చెప్పి, కుర్చీలు వేసి, కారవాన్ కథంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

"మా కఫీల్ది అన్నా ఇది. గీ తోట ఓనరు లేడూ, ఆయనే. కొత్తది కొనుక్కొని పాతది నాకిచ్చిండు. మా ఇంటామె, పిల్లలు ఉన్నప్పుడు ప్రతి జుమ్మాకు గిండ్లనే ఉంటుంటిమి. ఇప్పుడు వాళ్లు ఊర్ల ఉన్నరు. ఇల్లు కడుతున్న, స్లాబ్ దాకా వచ్చి ఆగింది. అందుకే అమ్ముతున్న."

తోట గోడ పక్కన, ఖర్జూరం చెట్ల నీడలో ఉంది కారవాన్. ఆవిడ లోపలికి వెళ్లింది. వెళ్లేముందు పొయ్యి వెలుగుతుందో లేదో చూస్తానంది. అతను వెంటనే గ్యాసు బండ తగిలించి వచ్చాడు. బాత్రూమ్ ఉంది, ఒక మనిషి ఊపిరి బిగబట్టి నిలబడితే సరిపోయేంత.

నేను బయట నా పని మొదలుపెట్టాను. టైర్లు అరిగాయన్నాను. కింద తుప్పు ఉందన్నాను. ఏసీ దగ్గుతోందన్నాను. తలుపు సరిగ్గా పడటం లేదని చూపించడానికి రెండుసార్లు వేసి, మూడోసారి సరిగ్గా పడేసరికి అక్కడితో ఆపాను.

అతను చాలాసేపు ఓపికగా విన్నాడు. "అన్నా, నువ్వు చెప్పినవన్నీ నిజమే. గంత ఖరాబుంటే మరెందుకు కొంటున్నవు?"

సోఫాల వాళ్లెవరూ ఇలా అడగలేదు.

"ఇంకొకాయన ఉన్నడు," అన్నాడతను. "చాయ్ దుకాణం పెడతడంట దీంట్ల. సాయంత్రం వస్త అన్నడు. నేను చెప్పిన రేటే ఇస్తడు. నీకు తక్కువకు ఇస్తె నా స్లాబ్ ఎట్ల పడాలె?"

నా దగ్గర ఇక ఒక్క అస్త్రమే మిగిలింది. దాన్ని ఇంతకుముందు వాడిన ప్రతిసారీ ఖాళీ చేతులతో ఇంటికొచ్చాం. అయినా వాడాను.

"సరే మరి, ఆయనకే ఇచ్చెయ్యండి. మేం వెళ్తాం," అన్నాను. లేచి నిలబడ్డాను.

అతను ఆపలేదు. "మంచిది అన్నా," అని చెయ్యి చాపాడు.

అప్పుడే కారవాన్ లోంచి పాలు మాడిన వాసన వచ్చింది. ఇద్దరం తలుపు దగ్గరికి వెళ్లి చూశాం. గిన్నెలోంచి పాలు పొంగి పొయ్యి మీదికి, అక్కడి నుంచి గట్టు మీదికి కారుతున్నాయి. మంట ఆరలేదు. ఆవిడ కట్టెయ్యనూ లేదు. రెండు చేతులూ జోడించి, కళ్లు మూసుకుని తూర్పు కిటికీ వైపు నిలబడి ఉంది.

జగిత్యాల మనిషి చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అయిపాయె," అన్నాడు మెల్లగా. "అన్నా, వదినె పాలు పొంగిచ్చింది. ఇగ బేరం మాఫీ, లేనే లేదు."

"టీ పెడదామనుకున్నానండీ," అంది ఆవిడ, కళ్లు తెరిచి. అది నిజమని ఆవిడ కూడా అనుకుంటున్నట్టు లేదు.

"టీ కాదు వదినా, నాకెర్కనే. మా గల్లీల ఎవ్వలు కొత్తింట్లకు పోయినా నేను పోయి పాలు తాగినోన్నే." నా వైపు తిరిగాడు. "ఇప్పుడు నేను తగ్గియ్య. నువ్వు పోలేవు. పొంగిచ్చిన ఇంటిని ఇడిసిపెట్టి పోతరా ఎవలన్నా?"

పోరు. పోలేను. ఇన్నాళ్ల నా బేరసారాల అనుభవం ఒక గిన్నెడు పాలలో కొట్టుకుపోయింది. చెప్పిన ధరకే ఒప్పుకున్నాను.

అంతలో అతని ఫోను మోగింది. చాయ్ దుకాణం ఆయన. స్పీకర్ కాకపోయినా ఆయన గొంతు స్పీకర్ లాంటిదే. సాయంత్రం దాకా ఆగలేనని, ఇప్పుడే వస్తానని, ఇంకా పైన వేసి ఇస్తానని హిందీలో అంటున్నాడు. మా ఆవిడ తడిగుడ్డ పట్టుకుని పొయ్యి తుడుస్తున్నదల్లా ఆగిపోయింది. మేమింకా ఒక్క రియాల్ కూడా ఇవ్వలేదు. మాట తప్ప మా చేతిలో ఏమీ లేదు.

అతను స్లాబ్ దగ్గర ఆగిన తన ఇంటిని ఒకసారి తలుచుకున్నాడనుకుంటాను. కారవాన్ గోడ మీద అరచెయ్యి ఆనించాడు.

"నహీఁ భాయ్, బిక్ గయా. ఖలాస్," అని, అమ్ముడైపోయిందని తేల్చేసి ఫోను జేబులో పెట్టాడు. "ఏం జేద్దాం అన్నా. పాలు పొంగినంక ఇంకొకనికి అమ్మితె, నా ఇంట్ల పొంగిచ్చే నాడు నాకేం యాదికొస్తది?"

గిన్నెలో మిగిలిన పాలు ముగ్గురం మూడు కాగితపు కప్పుల్లో తాగాం. అడుగంటిన రుచి. నష్టపోయిన ఇద్దరమూ చక్కెర ఎక్కువేసుకున్నాం.

కాగితాలు మా పేరు మీదికి మారాక కూడా కారవాన్ ఆ తోటలోనే ఉంది. క్వార్టర్ల ముందు అలాంటివి పెట్టనివ్వరు. తోట యజమాని ఉండనివ్వమన్నాడట. అంటే కదిలే ఇల్లు కొని, దాన్ని కదపకుండా ఉంచుకున్నవాళ్లం మేమే.

మొదటి శుక్రవారం సామానంతా మోసుకుంటూ లోపలికి కాలు పెట్టబోయాను. ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. క్వార్టర్లో అమ్మాయి బురద షూతో వంటింటిదాకా వచ్చినా పల్లెత్తు మాట అనని మనిషి.

"చెప్పులు బయట విడవండి," అంది.

విడిచాను. మా అమ్మాయి విడిచింది. అరిగిన టైరు గాలి చూడటానికి వచ్చిన జగిత్యాల మనిషి లోపలికి రానే రాలేదు, అయినా మమ్మల్ని చూసి బయట ఇసుకలోనే తన చెప్పులు విడిచేసి నిలబడ్డాడు.