వానడబ్బాకు పోసిన నీళ్లు

ఆ రోజుల్లో ప్రభుత్వం వాళ్లు ఏ పెట్టె తెచ్చి ఊళ్లో పెట్టినా మేము ముందు దానికి కుంకుమ పెట్టి, తర్వాత అదేమిటని అడిగేవాళ్లం. ఐదో తరగతితో బడి వదిలి, పొట్లాల కాగితాలు చదువుకుని పెరిగిన నాకు అప్పటికి జుట్టు నల్లగానే ఉండేది. నోరు మాత్రం ఇప్పటిలాగే ఉండేది. ఆలూరు దగ్గర మా ఊరి బడి వెనకాల వాన కొలిచే మిషను నాటారు. నడుమెత్తు డబ్బా, పక్కన కడ్డీ మీద సోలార్ పలక. ఇక అధికారులు ఎండలో చేలు తిరగనక్కర్లేదట, వాన తక్కువైతే డబ్బాయే పైకి చెబుతుందట, పంట నష్టం సొమ్ము దానంతట అదే వస్తుందట. "ఇది ఆకాశంలో ఉపగ్రహంతో మాట్లాడుతుంది" అని చెప్పి, బిగించినాయన జీపెక్కాడు. ఆ ఒక్క మాటే మా కొంప ముంచింది.

ఆ ఏడు విత్తాక మళ్లీ చినుకు లేదు. చిన్నాయన (మా నాయన తమ్ముడే గానీ వయసులో నాకు జతగాడు) వేసిన శనక్కాయ మొలకలోనే మాడిపోయింది. "పైనున్నదాంతో మాట్లాడుతాది గదప్పా, మన గోడు గూడా దాంతోనే చెప్పిద్దాం" అని ఆయన భార్య, మా చిన్నమ్మే, మొదలుపెట్టింది. ఇక ప్రతి శుక్రవారం ఆడవాళ్లు బిందెలతో పసుపునీళ్లు తెచ్చి డబ్బాకు తలమీద పోశారు. చర్చివాళ్లు పక్కనే చాపలేసి ప్రార్థన చేశారు. (నేనూ ఒక చెంబు పోశాను. చదువుకున్నవాణ్ని కాబట్టి ఎవరూ చూడకుండా పోశాను.)

సొమ్ము రాలేదేమని అర్జీ పెడితే ఒక అధికారి వచ్చాడు. చిన్నాయన చేలో, దుమ్ములో నిలబడి, ఫోను చూసి, "మీ ఊళ్లో మంచి వానలే పడ్డాయి కదండీ. శుక్రవారాలైతే మరీ ఎక్కువ. సిస్టంలో ఉంది" అన్నాడు.

చిన్నాయన చేతులు కట్టుకుని, "సారూ, ఆ వాన యాడ పడిందో రవ్వంత సూపీ. వచ్చేయేడు ఆడ్నే ఇత్తుకుంటాం" అన్నాడు. నీళ్లు పోసింది తామేనని చిన్నమ్మ ఏడ్చింది. "అది ఎక్కించడానికి ఇందులో చోటు లేదమ్మా" అన్నాడాయన.

నాకు ఒళ్లు మండింది. ఇంటికి పరిగెత్తి గొడుగు తెచ్చి, మిట్టమధ్యాహ్నం ఎండలో విప్పి, పంచె మోకాళ్లపైకి ఎత్తి, ఆ ఎర్రనేల మీద మొలలోతు నీళ్లలో నడిచినట్టు నడిచాను. "సారూ, చెయ్యియ్యండి, కొట్టుకొని పోతాండా!" అని అరిచాను. ఊరంతా కడుపు పట్టుకుని నవ్వింది. ఆయనా నవ్వాడు, నవ్వి ఫోటో కూడా తీసుకున్నాడు. ఆ ఉత్తుత్తి వరదలోనే నాకు సంగతి తెలిసొచ్చింది. డబ్బా అబద్ధమాడలేదు పాపం, పోసిన ప్రతి చెంబూ నిజాయితీగా పైకి చెప్పింది. చేను చూసే మనిషిని తీసేసి దాన్ని పెట్టారు. ఇప్పుడా మనిషే వచ్చి చేలో నిలబడినా, దాని మాటే వింటున్నాడు.

సొమ్ము రానే లేదు. చిన్నాయన, చిన్నమ్మ మూటలు కట్టుకుని గుంటూరు వైపు మిరపకోతలకు బయల్దేరారు. సాగనంపడానికి నేను వెళ్తే, చిన్నాయన ఆ పొడి రోడ్డు మీద పంచె మోకాళ్లపైకి ఎత్తి పట్టుకుని, లారీ దాకా మెల్లగా అడుగులేశాడు. "పైలంరా, నీళ్లు శానా ఉండాయి" అన్నాడు. ఊరందరినీ నవ్వించినవాణ్ని, ఆ పూట నవ్వలేకపోయాను. ఆయన మళ్లీ సేద్యం చెయ్యలేదు.

ఇప్పుడు నా ఫోను కూడా పొద్దున్నే వాన వస్తుందని చెబుతుంది. తిట్టుకుంటూనే గొడుగు తీసుకుని వాకిట్లోకి వస్తాను. ఆకాశం తెల్లగా ఉంటుంది. అయినా గడప దాటేటప్పుడు ఈ ముసలి చెయ్యి పంచెను కొంచెం పైకెత్తి పట్టుకుంటుంది.