ఊ కొట్టినందుకు మార్కులు పోయాయి

మా చిన్నప్పుడు... ఎండాకాలం మధ్యాహ్నాలు ఇబ్రహీంపట్నంలో మా ఇంటి వసారాలో చింతపండు కొట్టేవాళ్లం. పెంకులు తీసే పని పెద్దవాళ్లది, గింజలు తీసే పని పిల్లలది. ముందు చాటలు... చేతులన్నీ జిగట... మధ్యలో కథ చెబుతూ మా నానమ్మ.

కథ ఊరికే చెప్పేది కాదు. మాటమాటకూ మేము ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ కూడా ఆగేది. నాదర్‌గుల్ విమాన శిక్షణ మైదానం వైపు నుంచి చిన్న విమానం గుర్రుమంటూ పోయినా, తల పైకెత్తి చూస్తూనే ఊ అనేవాళ్లం. మొక్కుబడిగా ఊ కొట్టేవాళ్లను పట్టుకోవడానికి నానమ్మ మధ్యలో ఓ అడ్డగోలు మాట కలిపేది.

"రాజు గుర్రమెక్కి పోతుండె... దార్ల మేకపిల్ల ఎదురొచ్చె... రాజును గుర్రంతోని మింగె..."

"ఊ" అన్నాడు మా చిన్నాన్న కొడుకు శీను.

"మేకపిల్ల రాజును మింగుతదారా? ఏడున్నయ్‌రా నీ చెవులు? లే, అవుతలికి పో!"

అంతే... ఆ రోజుకు వాడికి కథ లేదు. తర్వాత ఏమైందో చెప్పమని సాయంత్రం దాకా మా అందరి వెంటపడ్డాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... రెండో తరగతి చదివే మా పాప శాన్వి బడికి సిటీ నుంచి ఓ మేధావుల గుంపు దిగింది. పిల్లలు ఎంతసేపు శ్రద్ధగా వింటారో కొలుస్తారట! హెడ్‌ఫోన్లు తగిలించి, ఓ కథ వినిపించి, 'పిల్లి' అని వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కథకు అంతకన్నా పెద్ద అవమానం ఇంకోటి ఉంటుందా?

తర్వాత నన్ను పిలిపించారు. వెళ్లి శాన్విని పక్కన కూర్చోబెట్టుకుని కూర్చున్నాను. టై కట్టుకున్న ఓ కుర్రాడు ల్యాప్‌టాప్‌లో ఎర్రగీత చూపించాడు.

"మేడం, మీ పాప లిజనింగ్ అటెన్షన్ చాలా వీక్. బటన్ సరిగ్గా నొక్కలేదు. పైగా ఏవో సౌండ్స్ చేస్తోంది."

"ఏం సౌండ్స్?"

"ఊ... ఊ... అని."

ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. మా ఇంట్లో రోజూ మా అమ్మ దానికి కథలు చెబుతుంది. కథ వింటే ఊ కొట్టాలని దానికి తెలుసు. కథలో పడి బటన్ సంగతే మరిచిపోయి, ఆ యంత్రానికి కూడా మర్యాదగా ఊ కొట్టింది పిచ్చితల్లి!

"సారూ, ఊ కొట్టుడంటేనే వింటున్నట్టు. కథ అడుగుండ్రి, మొత్తం చెప్తది" అన్నాను.

శాన్వి మొదలుపెట్టింది. పిల్లి పాలకుండలో తల ఇరికించుకున్న దగ్గర నుంచి, ముసలమ్మ కుండ పగలగొట్టడానికి మనసొప్పక ఏడ్చిన దాకా... పూసగుచ్చినట్టు చెప్పింది. ఆ టై కుర్రాడు మాత్రం ఫోన్ గోకుతూ "ఆ... వింటున్నా, చెప్పు చెప్పు" అంటున్నాడు. అది ఎప్పుడో ఆపేసిందని కూడా ఆయనకు తెలియలేదు. ఈయన మా పిల్లల శ్రద్ధ కొలుస్తాడట!

హెడ్ మేడం మాత్రం రిపోర్టు రిపోర్టే అంది. ఇది ఇట్లాగే ఉంటే వచ్చే ఏడు శాన్విని చివరి గది సెక్షన్‌లో వేస్తారట. 'స్లో' అని ముద్ర వేసిన పిల్లలందరినీ పోగేసే గది అది.

శాన్వి నా చున్నీ పట్టుకుంది. "అమ్మా... నేను మంచిగనే విన్న గదా?"

మళ్లీ పరీక్ష పెట్టాల్సిందేనని గొడవపడ్డాను. పెట్టారు. ఈసారి కొత్త కథ... 'కాకి' అన్నప్పుడు నొక్కాలి, నోరు మాత్రం మెదపకూడదు. ఎర్రగీత పచ్చగా మారింది. "చూశారా, ఎంత ఇంప్రూవ్‌మెంటో!" అని ఆ కుర్రాడు తనే ఏదో చికిత్స చేసినట్టు మురిసిపోయాడు. సెక్షన్ మారే గండం తప్పింది.

ఇంటికొస్తూ ఆటోలో అడిగాను. "ఈసారి ఏం కథ బిడ్డా?"

"కథనా? తెల్వదమ్మా... కాకి ఎప్పుడొస్తదా అని చూస్కుంట కూసున్న."

ఆ చివరి గది తప్పించాలనే తాపత్రయంలో దాన్ని మళ్లీ ఆ పరీక్షకు కూర్చోబెట్టింది నేనే కదా...

మా రోజుల్లో కథ సగంలో ఆగితే అన్నం సయించేది కాదు. ఇప్పుడు కథేంటో తెలియకపోయినా శ్రద్ధగా విన్నట్టేనట... మీ పిల్లలు "తర్వాత ఏమైంది?" అని మిమ్మల్ని చివరిసారి ఎప్పుడడిగారో... గుర్తుంటే ఇక్కడ రాయండి.