ఎనిమిదో ఆఫీసు పెట్టె

మందులు సరఫరా చేసే ఆ కంపెనీకి ఎనిమిది ఊళ్ళలో ఎనిమిది ఆఫీసులు, ఒక్కోదానిలో ఒక్కో స్విచ్చి. స్విచ్చంటే దీపాలు వేసి ఆర్పేది కాదు, ఇరవై నాలుగు కన్నాలున్న ఇనప్పెట్టె. ఆఫీసులో కంప్యూటర్లన్నీ దానికి తగిలించుకునే హెడ్డాఫీసుతో మాట్లాడతాయి. ఈ పెట్టెలన్నిటికీ దిక్కు ఒకే మనిషి. ఆయన్ని పెట్టెల మేస్త్రి అంటారు. భార్య మాత్రం పక్కింటివాళ్ళకి "మావారిది స్విచ్చుల పని" అని చెప్పింది. వాళ్ళు ఫ్యాను తిరగకపోతే ఆయన్నే పిలుస్తారు.

మేస్త్రి పనిమంతుడే, నోరే దురుసు. రెండేళ్ళ కిందట బంధువులంతా భోజనాలకు కూర్చున్నచోట, "మా బావకి రిమోటు నొక్కడం కూడా రాదు. గోదాము తాళాలిస్తే చాలు ఆయనకి" అని నలుగురిలో నవ్వేశాడు. అక్క మొగుడు కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ రెండిళ్ళకీ మాటల్లేవు. ఆ బావ ఎనిమిదో ఆఫీసు గోదాములోనే పనిచేస్తాడు. అక్కణ్ణుంచి ఒక్క ఫిర్యాదూ రాదని, తన అమరిక అలాంటిదని మేస్త్రి అందరి దగ్గరా గొప్పలు పోయేవాడు.

ఒక సోమవారం ఉదయం హెడ్డాఫీసులో తన కుర్చీలోంచే ఎనిమిదో పెట్టెకి ఏదో మార్పు చేయబోయి, పద్నాలుగో కన్నం బదులు ఇరవై నాలుగోదాన్ని మార్చాడు. హెడ్డాఫీసు లైను దాంట్లోకే వస్తుంది. ఎనిమిదో ఆఫీసు తెరమీంచి మాయమైంది. పన్నెండులోగా ఆసుపత్రుల ఆర్డర్లు అక్కణ్ణుంచి రావాలి. నయం, మార్పును ఇంకా సేవ్ చేయలేదు. ఓసారి కరెంటు తీసి ఇస్తే పెట్టె పాత పద్ధతికి వచ్చేస్తుంది. కాని పెట్టె ఉన్నది గోదాములో, తాళాలు బావ దగ్గర.

మేస్త్రి పావుగంట గదిలో తచ్చాడి, ఇక తప్పక ఫోన్ చేశాడు.

"బావగారూ, నేను."

"గారు ఎప్పుడు తగిలించావు?" అన్నాడు బావ. "లైను పోయింది, అందుకేగా?"

"ఆ. నా పొరపాటే. పెట్టె వెనక రెండు నల్లవైర్లుంటాయి. అందులో కుడివైపుది..."

"తెలుసు. ఎడమది కెమెరాలది. పీకి, ఇరవై లెక్కపెట్టి పెట్టాలి. కరెంటు పోయొచ్చాక ఒక్కోసారి పచ్చలైట్లు రావు, అప్పుడల్లా నేనే చేస్తుంటాను. వానకి పైనుంచి చుక్క పడుతుంటే రేకు కూడా అడ్డం పెట్టాను."

"మరి నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెప్పాలంటే నీకు ఫోన్ చెయ్యాలిగా."

అవతల బావ నింపాదిగా అంకెలు లెక్కపెట్టడం వినిపించింది. మూడు నిమిషాలకు ఎనిమిదో ఆఫీసు తెరమీదికొచ్చింది. ఆర్డర్లు ఒకటొకటే రాసాగాయి. మేస్త్రి ఫోన్ పెట్టేయలేదు. రెండేళ్ళుగా తన గొప్పేనని చెప్పుకున్నదంతా ఎవరి చేతి చలవో తెలిసి సిగ్గేసింది.

"ఆ రోజు అలా అనకూడదు బావా. తప్పు నాదే."

"నేనెప్పుడో మర్చిపోయాను," అన్నాడు బావ. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. "మీ అక్కే నిన్ను తలుచుకుని ఏడుస్తుంటుంది. దానికి చెప్పు."

మేస్త్రి అక్క నంబరు నొక్కాడు. ఏమని మొదలుపెట్టాలో ఇంకా అనుకుంటూనే ఉన్నాడు, మొదటి రింగుకే ఆవిడ ఫోనెత్తింది.