చిన్న నోటి గిటారు

మలయాలోని బాగన్ దాతుక్ కొబ్బరితోటలో పనిచేసే, అప్పడనే మా పెదనాన్నకి రేడియోలో విన్న జిప్సీ జాజ్ గిటారు పాటలంటే పిచ్చి. అడవుల్లోని కమ్యూనిస్టులతో తెల్లదొరలు పోరాడిన ఎమర్జెన్సీ రోజుల్లో వడ్రంగి గోవిందసామి రెండు గిటార్లు చేసి చూపించాడు. ఒకదాని పొట్టకి చిన్న నోరు, రెండోదానికి పెద్దది. చిన్నది మీటితే ఒళ్లు పులకరించింది. అయినా పెదనాన్న పెద్దదే తీసుకున్నాడు.

"అదేట్రా? పాట దీన్లో గదా ఉంది!" అన్నాడు గోవిందసామి.

"అడివిలోవోళ్లకి బియ్యం మోత్తన్నానని గేటు కాడ లోపల సెయ్యెట్టి సూత్తారు మావా. సెయ్యి దూరకపోతే బద్దలుకొడతారు. పాతది అలాగే పోనాది."

తోట గేటు దగ్గర సిపాయి గిటారులో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికి, ఏమీ దొరక్క "పో లా" అన్నాడు. పెదనాన్నకి ప్రాణం లేచివచ్చింది.

మెర్దెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చిన తరవాత ఆ గేటు ఎత్తేశారు. ఆ పూటే వడ్రంగి గుమ్మంలో నిలబడ్డాడు పెదనాన్న.

"మావా, ఆ సిన్న నోరుది ఉన్నాదా? ఇంక సెయ్యెట్టేవోడు లేడు."