గెంజో గారి జుర్రు

గెంజో గారు సోబా తింటే వీధి చివరిదాకా వినబడుతుంది. సోబా నూడుల్స్‌ని జుర్రుకుంటూ తినడం జపానులో మర్యాదే, కాదనేవాళ్ళెవరూ లేరు. కానీ మర్యాదకైనా ఒక హద్దుండాలి. ఆయన గిన్నె నోటి దగ్గర పెట్టుకుంటే పక్కబల్ల మీది నూడుల్స్ తినే పుల్లలు దొర్లిపోయేవి.

భార్య సుమియె గారికి ఉన్న బెంగ ఇదొక్కటే. ముప్ఫయ్యేళ్ళు అణకువగా తిన్న మనిషి, రిటైరయ్యాక ఇలా తయారయ్యారు. ఒకసారి ప్లాట్‌ఫారం మీద నిలబడి తింటుంటే ఎక్స్‌ప్రెస్ వచ్చేసిందనుకుని నలుగురు పెట్టెలు ఎత్తుకున్నారు. ఇంట్లో తింటుంటే పక్కింటావిడ వచ్చి, "కుళాయి పగిలిందా అండీ?" అని అడిగింది.

"ఎందుకండీ ఈ గోల?"

"సాధన చెయ్యకపోతే పట్టు తప్పుతుందే."

"ఏం, పోటీలకి వెళ్తున్నారా?"

"ఆర్నెల్లకోసారి," అని మళ్ళీ గిన్నెలో తల దూర్చేవారు.

ఆర్నెల్లకోసారి భార్యను వెంటబెట్టుకుని, మూడు గంటలు రైల్లో వెళ్ళి, ఒక కొండ ఊళ్ళో కురమోచి తాత కొట్లో సోబా తినడం ఆయన అలవాటు. ఆరు బల్లల కొట్టు. వంటా వడ్డనా తాతే. ఈసారి ఆకులు ఎర్రబడే రోజుల్లో ఆ ప్రయాణానికి క్యోటో నుంచి కొత్త వియ్యాలవారు కూడా తోడయ్యారు. నిషిబోరి దంపతులు ముందు క్షమాపణ చెప్పుకుని, ఆ తర్వాత తుమ్మే రకం. వాళ్ళు "మీ ఇల్లు ఎంత కళకళ్లాడుతోందో!" అన్నారంటే గోల ఎక్కువైందని అర్థం. ఆ భాష సుమియె గారికి బాగా తెలుసు.

"ఏవండీ, వాళ్ళ ముందు ఆ చప్పుడు చేశారో, ఇదే రైల్లో మా పుట్టింటికి పోతాను!"

"మీ పుట్టిల్లు ఈ దారిలో లేదే."

"పట్టాలు వేయించుకుని పోతాను. ఒట్టెయ్యండి!"

గెంజో గారు ఏదో చెప్పబోయి, ఆవిడ ముఖం చూసి ఒట్టేశారు.

కొట్లో మాట నిలబెట్టుకున్నారు కూడా. ఒక్కొక్క పోగే పట్టుకుని, మందు మింగినట్టు గిన్నె ఖాళీ చేశారు. వియ్యాలవారూ, పక్కబల్లవాళ్ళూ సన్నగా జుర్రుతున్నారు. సుమియె గారు ఇంత హాయిగా ఎన్నడూ కూర్చోలేదు.

అంతలో కురమోచి తాత వంటింట్లోంచి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. గెంజో గారి ఖాళీ గిన్నెను చూసి, గుమ్మం దగ్గరికి వెళ్ళి, కొట్టు పేరు రాసి ఉన్న గుడ్డ తెరను దింపేశాడు. ఇంకా మిట్టమధ్యాహ్నమే.

"అదేంటి తాతగారూ, అప్పుడే మూసేస్తున్నారా?" అని సుమియె గారు అడిగారు.

"వాన రాదులే అమ్మా," అన్నాడు తాత. తెర మడతపెడుతూ, "ఇవాళ్టితో సరి. గెంజో గారికే రుచించలేదంటే నా చేతిలో పస పోయినట్టే," అని లోపలికి వెళ్ళిపోయాడు.

సుమియె గారు భర్త వైపు తిరిగారు. ఆయన గొంతు తగ్గించారు.

"ఎనిమిదేళ్ళుగా ఆయనకి చెవుడు. ఒప్పుకోడు. జుర్రు వింటేనే పిండి కుదిరిందని నమ్ముతాడు. అందరూ జుర్రుతూనే ఉన్నారు, ఆయనకి వినబడితేగా! నాదొక్కటే వినబడుతుంది. దాంతో ఇంకో ఆర్నెల్లు కొట్టు లాక్కొస్తాడు."

"నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

"చెబితే జాలిగా చూస్తావు. ఆయన కళ్ళు బాగానే పనిచేస్తాయి."

సుమియె గారికి సిగ్గేసింది. ఎనిమిదేళ్ళుగా ఈ మనిషిని ఎన్ని మాటలన్నారో! చూస్తే ఆయన గిన్నెలో ఒక్క పోగు కూడా మిగల్లేదు. తన గిన్నెలో సగం ఉంది.

"క్షమించండి వదినగారూ," అని వియ్యపురాలికి చెప్పి, చేతుల మీది బట్ట పైకి మడుచుకుని, ఊపిరి బిగబట్టి లాగారు.

జుర్ర్ర్ర్ర్!

కిటికీ అద్దాలు అదిరాయి. నిషిబోరి గారి టీ ఒళ్ళో ఒలికింది.

"ఎంత కళకళ్లాడుతూ తింటారు వదినగారూ!" అంది వియ్యపురాలు.

సుమియె గారికి బాగానే అర్థమైంది. అయినా మరో గుక్క, ఇంకా గట్టిగా జుర్రారు.

వంటింట్లోంచి కురమోచి తాత తెర పట్టుకుని పరుగున వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది, గొంతులో మాత్రం బోలెడు విసుగు.

"కాస్త మెల్లగా తినండమ్మా! నేనేమన్నా చెవిటివాణ్ణా?" అంటూ వెళ్ళి, తెర మళ్ళీ గుమ్మానికి తగిలించాడు.